హోమ్ పిల్లల చదువుకి ఏడాది పొడవునా సాయం: ఎక్కడ మొదలుపెట్టాలి? (శ్రీకాకుళం, విజయనగరం)

#1 నాగావళి_యువజన (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారమండి. మా సంఘంలో పదకొండు మందిమి. టౌన్‌కి దగ్గర్లో ఉన్న ఒక పిల్లల సంరక్షణ గృహంలో 32 మంది ఉంటున్నారు, ఐదో తరగతి నుంచి పది వరకు. అందరూ దగ్గర్లోని మండల పరిషత్ బడికీ, జడ్పీ హైస్కూలుకీ వెళ్తారు. ఏటా జూన్‌లో బ్యాగులు, నోటుపుస్తకాలు ఇస్తున్నాం. ఈసారి చదువు మీదే ఏడాదంతా పనిచేద్దామని తీర్మానించుకున్నాం. లక్షా ఇరవై వేలు పోగయ్యేలా ఉంది. సాయంత్రాలు కొందరం వెళ్లగలం. ట్యూషన్ మాస్టారిని పెట్టాలా? బాగా చదివేవాళ్లని ప్రైవేటు బడిలో చేర్పించాలా? ఈ పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

#2 బడిగంట (ఆమదాలవలస, జడ్పీ హైస్కూలు)

తమ్ముడూ, ముందు బ్యాగులు ఆపేయండి. విద్యార్థి మిత్ర కిట్‌లో బ్యాగు, మూడు జతల యూనిఫాం, బూట్లు, బెల్టు, పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు బడే ఇస్తోంది. మీరిచ్చే బ్యాగు ఆ పిల్లకి రెండోది. కిట్‌లో రానివి, సెప్టెంబరుకల్లా అయిపోయేవి వేరే ఉన్నాయి: జామెట్రీ బాక్సు, రఫ్ పుస్తకాలు, గ్రాఫ్ కాగితాలు, మ్యాపులు, ప్రాజెక్టులకి చార్టులు, పెన్నులు. తొమ్మిది, పది పిల్లలకి నెలకి ఒక రఫ్ పుస్తకం అవుతుంది. వీటిని జూన్‌లో ఒకేసారి పంచేస్తే దసరాకి ఏమీ మిగలవు. హోమ్‌లో ఒక అల్మారాలో పెట్టి, పాతది నిండాక చూపించి కొత్తది తీసుకునేలా చేయండి.

కానీ సామాను లేకపోవడం వల్ల ఈ పిల్లలు వెనకబడటం లేదు. బడికి వాళ్ల తరఫున వచ్చి అడిగే మనిషి లేకపోవడం వల్ల వెనకబడుతున్నారు. మిగతా పిల్లకి మార్కులు తగ్గితే అమ్మో నాన్నో వచ్చి క్లాస్ టీచరుతో మాట్లాడతారు. హోమ్ పిల్లకి సూపరింటెండెంటే సంరక్షకుడు, ఆయనకి 32 మంది. ప్రోగ్రెస్ కార్డుల కట్ట మీద ఒకేసారి సంతకాలు పెట్టి పంపేస్తారు. తప్పుపట్టడానికి లేదు, ఆయనకి వంట సరుకుల నుంచి ఆసుపత్రి దాకా అన్నీ నెత్తి మీదే.

మీరు పదకొండు మంది ఉన్నారు కదా, తలా ముగ్గురిని తీసుకోండి. ఆ ముగ్గురి పేర్లు, క్లాస్ టీచర్ల పేర్లు, వాళ్లకి ఏ సబ్జెక్టు కొరుకుడు పడటం లేదో మీకు కంఠతా ఉండాలి. నెలకోసారి, సూపరింటెండెంటు రాసిచ్చిన అనుమతి పత్రంతో, బడికి వెళ్లి మూడే అడగండి: ఈ నెల ఎన్ని రోజులు రాలేదు, ఏ సబ్జెక్టులో నోటుపుస్తకం రాయడం ఆపేసింది, వెనక బెంచీలోకి ఎప్పుడు మారింది. మార్కులు తర్వాత. మార్కులు పడిపోయేముందు నోటుపుస్తకం ఆగిపోతుంది.

తల్లిదండ్రుల సమావేశానికి తప్పకుండా వెళ్లండి. అందరి వెనకా ఒక పెద్దమనిషి కూర్చుని, ఆ పిల్ల వెనక కుర్చీ ఖాళీగా ఉంటే ఆ రోజు క్లాసులో దానికి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

#3 కేస్‌వర్కర్_విజయనగరం

మాస్టారు చెప్పింది మంచిమాట. దానికి ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇవి చేయకుండా మొదలుపెడితే నెలలోనే ఆగిపోతుంది.

బాల న్యాయ చట్టం 2015 కింద నడిచే గృహంలోకి సేవాభావంతో వచ్చినా సరే, ఎవరుపడితే వాళ్లు రోజూ వెళ్లడానికి కుదరదు. ముందుగా ఆ గృహం సెక్షన్ 41 కింద నమోదై ఉందో లేదో చూసుకోండి. తర్వాత మీ సంఘం తరఫున జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఒక ఉత్తరం ఇవ్వండి. ఎవరెవరు వస్తారు, వారంలో ఏ రోజులు, ఏ గంటలు, ఏ పని అన్నది అందులో ఉండాలి. ప్రతి ఒక్కరి ఆధార్ నకలు, పోలీసు వెరిఫికేషన్ జతచేయండి. ఒక ప్రతి బాలల సంక్షేమ సమితికి (పిల్ల ఎక్కడ ఉండాలో ఉత్తర్వు ఇచ్చేది ఇదే) ఇవ్వండి. సూపరింటెండెంటుతో నోటిమాట మీద నడిపితే, ఆయన బదిలీ అయిన రోజున మీ పని కూడా బదిలీ అయిపోతుంది.

చదువు చెప్పేది తలుపు తీసి ఉన్న హాల్లో, ఇంకో పెద్దవాళ్లు కనబడే దూరంలో. ఒక్క పిల్లతో ఒక్కరు గదిలో ఉండటం, బండి మీద బయటకి తీసుకెళ్లడం, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం వద్దు. పిల్ల ఎవరి గురించైనా లైంగిక వేధింపు మాట చెబితే మీరే విచారణ చేయకండి. పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. 1098కి ఫోన్ చేయండి.

ఫోటోలు. బాల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం పిల్లల పేరు, మొహం, బడి, ఊరు బయటపడేలా ఏదీ ప్రచురించకూడదు. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. వాట్సాప్ స్టేటస్ కూడా ప్రచురణే. దాతలకి చూపించాలంటే రసీదులు, పుస్తకాల ఫోటోలు చూపించండి.

ఇంకొకటి. ప్రతి పిల్లకి ఒక వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాయాలి, ఫారం 7. అందులో చదువు గురించి ఒక భాగం ఉంటుంది. చాలాచోట్ల అక్కడ "చదువు కొనసాగించాలి" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. మీరు పిల్లల స్థాయి పరీక్షించాక వచ్చినది కేస్‌వర్కర్‌కి ఇవ్వండి: "భాగహారం రాదు, నవంబరులోగా నేర్పాలి, బాధ్యత ఫలానావారు" అని రాయించండి. అప్పుడు సమీక్షలో ఎవరో ఒకరు అడుగుతారు.

#4 చీపురుపల్లి_కాగితాలు

నేను ఒక్క విషయం మీదే రాస్తాను, కాగితాలు. పదో తరగతి అయ్యాక ఈ పిల్లల దారి మూసేసేది లెక్కలూ కాదు, ఇంగ్లీషూ కాదు, కాగితాలే.

ఒక పిల్లకి ఒక ఫైలు. అందులో ఉండాల్సినవి: జనన ధ్రువపత్రం, ఆధార్, బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు నకలు, చదివిన ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, టీసీలు, కులం, ఆదాయం పత్రాలు, తల్లిదండ్రులు లేకపోతే మరణ ధ్రువపత్రాలు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, బడి రికార్డులోని శాశ్వత విద్యా సంఖ్య, అపార్ సంఖ్య (విద్యార్థి గుర్తింపు సంఖ్య). ఉత్తర్వులు, సంరక్షణ పత్రాలు ఉన్న ఫైలు సూపరింటెండెంటు బీరువా దాటి బయటకి రాకూడదు. మీరు పని చేసేది అక్కడే కూర్చుని.

పేరు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట లేనే లేదు. సరిచేసే వరస ముఖ్యం: ముందు జనన ధ్రువపత్రం, దాన్ని బట్టి ఆధార్, దాన్ని బట్టి బడి రికార్డు. తిరగేసి చేస్తే రెండుసార్లు తిరగాలి. ఆధార్‌లో పుట్టినతేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే, పేరు రెండుసార్లు. అందుకని బడి రికార్డులో అంచనాగా వేసిన తేదీ చూసి ఆధార్ మార్చేయకండి.

జనన నమోదే లేకపోతే, ఏడాది దాటిన నమోదుకి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తర్వాత ఇది జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు చేతిలో ఉంది. ఈ లోపు బడిలో చేర్చుకోం అంటే విద్యాహక్కు చట్టం సెక్షన్ 14 చూపించండి, వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండకూడదు.

ఆధార్ లేని పిల్లకి, గుర్తింపు ఉన్న గృహం అధిపతి యూఐడీఏఐ (ఆధార్ ఇచ్చే సంస్థ) నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. అది మూడు నెలలే పనిచేస్తుంది, కాబట్టి కేంద్రంలో స్లాటు దొరికాకే రాయించుకోండి. అయిదేళ్లకి వేలిముద్రలు ఇవ్వాలి, పదిహేనేళ్లకి మళ్లీ ఇవ్వాలి. పదిహేను దాటినవాళ్లలో ఇది చేయకపోవడం వల్లే స్కాలర్‌షిప్ వేలిముద్ర దగ్గర ఆగిపోతుంది.

కులం గురించి చాలామందికి తెలియని సంగతి. పదేళ్లలోపు తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకుని, చూసేవాళ్లెవరూ లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న గృహంలో చేరిన అనాథ పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. తల్లిదండ్రుల కులం ఎస్సీ, ఎస్టీ అని ఆధారం ఉంటే అదే తీసుకోవాలి, అది మేలు. ఏ ఆధారమూ లేని పిల్లని ఓసీ కాలమ్‌లో రాసి వదిలేయకండి. తహసీల్దారుకి పెట్టే అర్జీకి సమితి ఉత్తర్వు, మరణ ధ్రువపత్రాలు, గృహంలో చేరిన తేదీ ఉన్న రిజిస్టరు పేజీ జతచేయండి.

అన్నీ స్కాన్ చేసి, తాళం ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఒకటి హోమ్‌లో, ఒకటి జిల్లా విభాగంలో ఉంచమనండి. అసలు కాగితాలు ప్లాస్టిక్ సంచుల్లో, నేలకి ఎత్తుగా. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. మన దగ్గర తుపానుకి నెల కూడా తెలుసు.

#5 నాగావళి_యువజన

మేడమ్, స్టడీ సర్టిఫికెట్లు ప్రతి బడి నుంచీ ఎందుకండి? ఆఖరి టీసీ చాలదా?

#6 చీపురుపల్లి_కాగితాలు

చాలదు బాబూ. పాలిటెక్నిక్ కౌన్సెలింగ్‌లో 4 నుంచి 10 వరకు చదివిన రుజువు అడుగుతారు, స్థానికత తేల్చడానికి. ఈ పిల్లలు రెండు మూడు బళ్లు మారి ఉంటారు. ఒకటి ఒడిశా వైపు, ఒకటి విశాఖలో, ఒకటి ఇక్కడ. పదహారేళ్ల పిల్లని అన్ని ఊళ్లకీ జూలైలో తిప్పలేరు. పిల్ల బడి వదిలిన రోజే స్టడీ సర్టిఫికెట్, ప్రవర్తన పత్రం తీసుకుంటే ఖర్చు లేదు.

#7 లెక్కల_మాస్టారు (రాజాం)

ట్యూషన్ మాస్టారి గురించి అడిగారు. పెట్టండి, కానీ ఆయన ఏం చెప్పాలో మీరు తేల్చాకే పెట్టండి. సాధారణంగా జరిగేది ఏటంటే: ఐదు నుంచి పది దాకా అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి, హోంవర్క్ చేయించి, గైడులోంచి జవాబులు రాయిస్తారు. నోటుపుస్తకాలు నిండుతాయి, పిల్లకి ఏమీ రాదు. ఎనిమిదో తరగతి పిల్లకి తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రాకపోతే బీజగణితం ఎన్నిసార్లు రాయించినా అంతే.

మొదటి వారం పరీక్షే చేయండి, ఒక్కో పిల్లకి పది నిమిషాలు, హాల్లోనే ఒక పక్కగా కూర్చోబెట్టి, మిగతావాళ్లు వినకుండా. తెలుగులో అక్షరాలు, గుణింతాలు ఒత్తులతో మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఒక పేజీ కథ. ఎక్కడ ఆగితే అదే స్థాయి. లెక్కల్లో రెండంకెల సంఖ్య చదవడం, అప్పుతో తీసివేత, రెండంకెల గుణకారం, ఒక అంకెతో భాగహారం, భిన్నం, దశాంశం. మార్కులు వేయకండి. ఏ మెట్టు మీద ఆగారో ఒక్క మాట రాసుకోండి.

తర్వాత తరగతిని పక్కన పెట్టి, స్థాయిని బట్టి గుంపులు. 32 మందికి నాలుగు గుంపులు అవుతాయి. ఏడో తరగతి పిల్లాడు ఐదో తరగతి వాళ్లతో కూర్చోవడానికి సిగ్గుపడతాడు, అది నిజం. అందుకని గుంపులకి "వెనకబడినవాళ్లు" లాంటి పేర్లు పెట్టకండి, రంగుల పేర్లు పెట్టండి. పెద్దవాడికి చిన్నవాళ్ల చేత చదివించే పని ఇవ్వండి, వాడికీ వస్తుంది.

రోజుకి గంట చాలు, కానీ వారానికి ఐదు రోజులు, అదే గంట. మొదటి పావుగంట పైకి చదవడం, తర్వాత పాతిక నిమిషాలు లెక్క, మిగతా ఇరవై నిమిషాలు బడి హోంవర్క్. గుణకారం, భాగహారం అగ్గిపుల్లలతోనో చింతగింజలతోనో చేసి చూపించాకే పలక మీదకి. నెలాఖరులో మళ్లీ అదే పది నిమిషాల పరీక్ష. రెండు నెలలు మెట్టు కదలకపోతే పిల్లది కాదు లోపం: కళ్లు పరీక్ష చేయించండి, చెవి చూపించండి, నిద్ర అడగండి. నల్లబల్ల కనబడని పిల్ల ఎవరికీ చెప్పదు, పక్కపిల్ల పుస్తకం చూసి రాసేస్తుంది.

మీ పదకొండు మంది విషయం. "ఎప్పుడు వీలైతే అప్పుడు వస్తాం" అనేవాళ్లు రాకపోవడమే నయం. ఈ పిల్లలని ఇప్పటికే చాలామంది మధ్యలో వదిలేసి వెళ్లారు. వారానికి రెండు రోజులు, ఒకే గుంపు, ఒక టర్మ్ పూర్తిగా అని మాట ఇవ్వగలిగినవాళ్లే బోధనకి. మిగతావాళ్లు కాగితాలు, బడి పనులు చూసుకోండి.

#8 మెళియాపుట్టి_టీచరమ్మ

లెక్కల మాస్టారు తెలుగు పరీక్ష గురించి చెప్పారు, దానికి ఒక్కటి చేర్చాలి. మన జిల్లాలో హోముల్లో సవర పిల్లలు, ఇచ్ఛాపురం వైపు నుంచి ఒడియా ఇంటిభాషగా ఉన్న పిల్లలు ఉంటారు. తెలుగు పేరా తడబడుతూ చదివిందని వాళ్లని అక్షరాల గుంపులో వేసేయకండి. ఇంట్లో వినని భాషలో చదవడం వేరు, చదవడమే రాకపోవడం వేరు. ముందు ఆ పిల్ల చేత కథ తన భాషలో చెప్పించండి, హోమ్‌లో ఆ భాష తెలిసిన పెద్దపిల్ల ఉంటుంది. కథ గట్టిగా చెప్పగలిగితే ఆ పిల్లకి కావాల్సింది తెలుగు మాటలు, అక్షరాలు కాదు.

మన పాఠ్యపుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి. సైన్సు, సోషల్‌లో ముందు తెలుగు పేజీ చదివించి, అదే పేరా ఇంగ్లీషు పేజీలో వెతికించి, కొత్త మాటలు అయిదు మాత్రం రాయించండి. రోజుకి అయిదే. ఇరవై రాయిస్తే ఇరవై పోతాయి.

#9 బొబ్బిలి_వీణ (జూనియర్ కాలేజీ)

ప్రైవేటు బడి మాట. నా అభిప్రాయం సూటిగా: ఐదు నుంచి పది మధ్య పిల్లల్ని ప్రైవేటు బడికి మార్చకండి. ఫీజు ఒకటే కాదు. బస్సు, యూనిఫాం, టూరు, యాన్యువల్ డే, అన్నీ కలిసి ఒక్క పిల్ల మీదే మీ డబ్బు సగం పోతుంది. దాత మధ్యలో ఆపేస్తే పిల్ల తొమ్మిదిలో వెనక్కి రావాలి. హోమ్‌లో మిగతా 30 మంది ముందు ఇద్దరిని ఎంచుకోవడం ఇంకో దెబ్బ. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడులు ఇవ్వాల్సిన 25 శాతం సీట్లలో అనాథ పిల్లలకి వాటా ఉంది, నిజమే, కానీ ఆ ప్రవేశం ఒకటో తరగతికి.

పైగా జడ్పీ బడిలో ఉంటేనే దక్కేవి ఉన్నాయి. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో, నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి పదో తరగతి మార్కుల మీద 4 శాతం అదనంగా కలుపుతారు. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ (కేంద్ర ప్రతిభా స్కాలర్‌షిప్) పరీక్ష ఉంది, సాధారణంగా డిసెంబరులో. 90 మార్కుల మానసిక సామర్థ్యం, 90 మార్కుల సబ్జెక్టు పేపరు. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000. బోర్డింగుతో కలిపి ప్రభుత్వం నడిపే గురుకులాల పిల్లలకి ఇది లేదు. మీ పిల్లలు నివాసం హోమ్‌లో ఉన్నా చదివేది మామూలు జడ్పీ బడిలో, కాబట్టి దరఖాస్తులో బడి రకం సరిగా నమోదైందో హెడ్మాస్టరుతో కలిసి చూడండి. డబ్బు పిల్ల పేరున ఖాతాలోనే పడుతుంది, ఆధార్‌తో కలిపి ఉండాలి. పదేళ్లు దాటిన పిల్ల సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవచ్చు, బ్యాంకువాళ్లు వద్దంటే అడగండి. పదిలో 60 శాతం రాకపోతే ఇంటర్‌లో స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, ఎస్సీ, ఎస్టీలకి 55.

ఐదో తరగతి వాళ్లకి నవోదయ. శ్రీకాకుళం జిల్లాకి వెన్నెలవలస, విజయనగరానికి శృంగవరపుకోట దగ్గర కిల్తంపాలెం. 80 ప్రశ్నలు, వంద మార్కులు, రెండు గంటలు, తెలుగులో రాయొచ్చు. ఐదో తరగతి చదువుతున్న జిల్లాలోనే రాయాలి, ఒక్కసారే రాయాలి. అందుకే ఐదో తరగతి పిల్లని మధ్యలో వేరే జిల్లా గృహానికి మార్చకుండా ముందే సమితి దృష్టికి తేవాలి. సగం మార్కులు మానసిక సామర్థ్యానివి. ఆ బొమ్మల ప్రశ్నలు చాలామంది పిల్లలు పరీక్షలోనే మొదటిసారి చూస్తారు, వారానికి నలభై చొప్పున ఆగస్టు నుంచి చేయిస్తే భయం పోతుంది. ఆడపిల్లలకి ఆరో తరగతి నుంచి కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి, తల్లిదండ్రులు లేనివాళ్లకి ప్రాధాన్యం. కానీ హోమ్‌లో కుదురుకున్న పిల్లని, అక్కచెల్లెళ్లు ఇక్కడే ఉన్న పిల్లని, సీటు వచ్చింది కదా అని పంపేయకండి. పిల్లని అడగాలి.

#10 కేస్‌వర్కర్_విజయనగరం

ఆఖరి మాటకి పూర్తిగా ఒప్పుకుంటాను. దీనితోపాటే ఇంకోటి: మధ్యలో ఇంటికి పంపడం. బంధువులు వచ్చి అడిగితే, సామాజిక పరిశోధన నివేదిక చూసి సమితి పిల్లని కుటుంబానికి అప్పగిస్తుంది, అదే మంచిది కూడా. చదువు పరంగా ప్రమాదం ఎప్పుడంటే, జనవరిలో పంపితే. కొత్త ఊళ్లో బడి జూన్‌లో చేర్చుదాంలే అంటారు, ఆ అయిదు నెలల్లో పిల్ల పనిలోకి పోతుంది. ముఖ్యంగా వలస కుటుంబాలు, సంక్రాంతికి వచ్చి తీసుకెళ్లేవాళ్లు.

అప్పగింత ఏప్రిల్ ఆఖరుకి జరిపే వీలుందా అని కేస్‌వర్కర్ చేత అడిగించండి. కుదరకపోతే అదే రోజు టీసీ చేతికివ్వండి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకపోవడానికి లేదు. కొత్త మండలం ఎంఈవోకి పిల్ల శాశ్వత విద్యా సంఖ్యతో ఒక ఉత్తరం పంపి, వారంలో హాజరు పడిందో లేదో ఫోన్‌లో కనుక్కోండి. ఇంట్లో పరిస్థితి బాగోకపోతే మిషన్ వాత్సల్య (కేంద్రం పిల్లల సంరక్షణ పథకం) స్పాన్సర్‌షిప్ నెలకి 4,000. గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 లోపు, పట్టణాల్లో 96,000 లోపు ఉండాలి. అప్పగింత ఉత్తర్వు రాసేటప్పుడే దరఖాస్తు కూడా పెట్టించడం మంచిది.

#11 బడిగంట

పదో తరగతి వాళ్ల సంగతి ఎవరూ రాయలేదు, అది నేను రాస్తాను.

నామినల్ రోల్స్ (పబ్లిక్ పరీక్షకి బడి పంపే పిల్లల జాబితా) వెళ్లే ముందు, అంటే దసరా సెలవులయ్యాక, ప్రతి పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, మొదటి భాష, మాధ్యమం, పుట్టుమచ్చలు పక్కన కూర్చుని సరిచూడండి. మెమోలో పడ్డాక మార్చడం ఏళ్ల పని. ఫీజు అన్ని సబ్జెక్టులకీ 125 రూపాయలే, కానీ గడువు దాటితే అపరాధ రుసుము, మీ దగ్గర ఉన్నదాంట్లోంచి మొదటి రోజే కట్టేయండి.

పాస్ మార్కు 35, హిందీకి 20. సైన్సు భౌతిక, జీవ శాస్త్రాలు రెండు పేపర్లు, యాభై యాభై, కలిపి చూస్తారు. బాగా వెనకబడిన పిల్లకి జనవరి నుంచి సిలబస్ అంతా చెప్పాలని చూడకండి. లెక్కల్లో గ్రాఫులు, సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత. సైన్సులో బొమ్మలు, ప్రయోగాలు. సోషల్‌లో పటం గుర్తింపు. ఇవి చేతికి అలవాటయ్యే పనులు, చదవడం బలహీనంగా ఉన్నా వస్తాయి. మూడు గంటలు కూర్చుని రాయడం వేరే అలవాటు. ఫిబ్రవరిలో ప్రతి ఆదివారం ఒక పాత ప్రశ్నపత్రం, గడియారం పెట్టి.

ఆదివారాలు అన్నాను కాబట్టి ఇంకో మాట. పుట్టినరోజు భోజనాలు పెట్టే దాతలు ఆదివారాలే వస్తారు. పిల్లలు రెండు గంటలు వరసలో కూర్చుని పాటలు పాడాలి, ఫోటోలు తీయించుకోవాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అవి ఆపమని సూపరింటెండెంటు గారికి మీరు అండగా నిలబడండి, ఆయన ఒక్కరే చెప్పలేరు.

ఫెయిలైతే అదే వారంలో సప్లిమెంటరీ ఫీజు. ఫలితాలొచ్చిన రోజు హోమ్‌లో మీలో ఒకరు ఉండాలి. తొమ్మిదిలో వయసు మించిపోయి బడికి పోనంటున్న పిల్లకి సార్వత్రిక పాఠశాల ఉంది, 14 నిండితే పదికి కట్టవచ్చు. అది ఆఖరి దారి. అందులో వేసి ఏ క్లాసూ చెప్పకపోతే పరీక్ష ఫీజు కట్టడం తప్ప ఏమీ కాదు.

#12 బొబ్బిలి_వీణ

పది తర్వాత. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ 120 మార్కులు: లెక్కలు 50, భౌతికం 40, రసాయనం 30. అంతా పదో తరగతి సిలబస్సే, కాబట్టి పది పరీక్షలు అయిన మర్నాడే మొదలుపెడితే ఆ నెల సరిపోతుంది. శ్రీకాకుళంలో ప్రభుత్వ పాలిటెక్నిక్, మహిళా పాలిటెక్నిక్, విజయనగరంలో ఎంఆర్ఏజీఆర్ ప్రభుత్వ పాలిటెక్నిక్. ఆడపిల్లలకి ఇప్పుడు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి హోమ్ నుంచే రోజూ వెళ్లి రావచ్చేమో చూడండి. మగపిల్లలకి పాసు ఖర్చు మీ లెక్కలో వేసుకోండి.

18 నిండగానే హోమ్ వదలాలి. ఇంటర్ రెండో ఏడాది మధ్యలోనో, డిప్లొమా మధ్యలోనో ఆ పుట్టినరోజు వస్తుంది. బాల న్యాయ చట్టం సెక్షన్ 46 కింద అనంతర సంరక్షణ ఉంది, 21 ఏళ్ల దాకా, ప్రత్యేక కారణాలుంటే 23 దాకా, మిషన్ వాత్సల్యలో నెలకి 4,000. ఇది దానంతటది రాదు. విడుదల తర్వాతి ప్రణాళిక రెండు నెలల ముందు సమితికి వెళ్లాలని నిబంధన, నేనైతే పదహారేళ్లకే మొదలుపెట్టమంటాను: ఎక్కడ ఉంటుంది, కాలేజీ హాస్టల్ సెలవుల్లో మూసేస్తే ఎక్కడికి పోతుంది, ఖాతా ఎవరి పేరున, స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఓటీపీ ఏ ఫోన్‌కి వస్తుంది. ఆఖరిది చిన్నదిగా కనబడుతుంది గానీ, బదిలీ అయిపోయిన ఉద్యోగి నంబరుకి ఓటీపీ పోయి ఏడాది ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతుంది.

#13 నాగావళి_యువజన

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ దండాలు. లక్షా ఇరవై వేలు ఎలా పంచుకోమంటారు? గదిలో వెలుతురు కూడా తక్కువే. ఒక్కటే హాలు, ఇరవై చదరపు మీటర్లు ఉంటుందేమో, రెండు ట్యూబులు.

#14 లెక్కల_మాస్టారు (రాజాం)

ఆ హాల్లో 32 మందీ ఒకేసారి పట్టరు, రెండు జట్లు చేయండి. చదవడానికి రెండు ట్యూబులు చాలవు, 20 వాట్ల ఎల్‌ఈడీవి నాలుగు కావాలి, పిల్లల తలల మీదుగా వరుసలో, ఒక గోడకే కాదు. నాలుగు ట్యూబులు, రెండు ఫ్యాన్లు కలిపి 230 వాట్లు అవుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు మీద నాలుగు గంటలు నడుస్తుంది. దాని మీద ఫ్రిజ్, టీవీ కలపనివ్వకండి.

నా లెక్క ఇది: డీఎడ్ లేదా బీఎడ్ చేసిన స్థానికులు ఒకరికి నెలకి 5,000, పది నెలలకి 50,000. ఇన్వర్టరు, ట్యూబులు 25,000. ఫీజులు, ప్రవేశ పరీక్షలు, ప్రయాణాలు 12,000. కాగితాల పనికి 8,000. కళ్లజోళ్లు 6,000. కథల పుస్తకాలు 6,000. మిగిలిన 13,000 ముట్టుకోవద్దు, జూన్, జూలైలో ఇంటర్‌లో, డిప్లొమాలో చేరేవాళ్లకి ఉంచండి, అప్పుడే డబ్బు నిజంగా అవసరం పడుతుంది.

జీతం మాస్టారి చేతికి నెలనెలా, బ్యాంకు ద్వారా. రెండు నెలలు బకాయి పెడితే ఆయన మానేస్తారు, పిల్లలకి ఇంకో మనిషి పోయినట్టు.

#15 నాగావళి_యువజన

మాస్టారూ, ఒక్కటే ఇంకా. కొత్తగా వచ్చిన పిల్లాడు ఒకడు, ఆరో తరగతి, పుస్తకం తెరవడు, మూల కూర్చుంటాడు. వాడినీ మొదటి వారమే పరీక్షించాలా?

#16 మెళియాపుట్టి_టీచరమ్మ

వద్దు బాబూ. వచ్చిన మొదటి నెల పరీక్షా వద్దు, గుంపూ వద్దు. బడికి మాత్రం పంపండి, ఎందుకంటే రోజు గడిచే పద్ధతి వాడికి ఊరట. సాయంత్రం హాల్లో అందరితో కూర్చోనివ్వండి, బొమ్మలు వేసుకోనివ్వండి, చిన్న పని ఒకటి ఇవ్వండి, సుద్దముక్కలు పంచడం లాంటిది. "మీ అమ్మ ఎక్కడ, ఎందుకొచ్చావు" అని మీలో ఎవరూ అడగకండి, బడిలో కూడా అడగొద్దని క్లాస్ టీచరుకి చెప్పండి. తండ్రి పేరు రాయాల్సిన ఫారాలు పిల్లాడి చేతికివ్వకుండా ఆఫీసులోనే నింపించండి. కథ చదివేటప్పుడు వాడి పక్కన కూర్చుని చదవండి, వాడిని చదవమనకండి. నిద్రపట్టక ఉలిక్కిపడుతున్నా, తిండి మానేసినా కౌన్సెలరుకి అదే రోజు చెప్పాలి, అది చదువు సమస్య కాదు. నెలయ్యాక వాడే పేజీ తిప్పుతాడు, అప్పుడు మాస్టారి పది నిమిషాల పరీక్షలో మొదటి రెండు మెట్లు మాత్రం చూడండి, మిగతావి వచ్చే నెల.